నన్ను మోసం, నాకు ద్రోహం

హాంకాంగ్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు చూసే అలవాటున్నవాళ్లకి ఒక మాట చెవిన పడే ఉంటుంది: ‘యీ-ఙ్-జై’. కాంటనీస్‌లో ‘యీ’ అంటే రెండు, ‘ఙ్’ అంటే అయిదు. ‘జై’ని మన ‘గాడు’తో సర్దుకోవచ్చు. మొత్తం కలిపితే ‘రెండు-అయిదుగాడు’. సబ్‌టైటిల్లో మాత్రం ‘ట్రెయిటర్’ అని పడుతుంది, సీను ముందుకెళ్లిపోతుంది.

ఆ రెండూ అయిదూ ఎక్కడివి అని వెతికితే ఒక కథ దొరుకుతుంది. చింగ్ చక్రవర్తుల మీద తిరగబడ్డ రహస్య సంఘాల్లో చెప్పుకునే కథ. షావొలిన్ మఠాన్ని సైన్యం తగలబెట్టింది. లోపలివాడొకడు దారి చూపించడం వల్లే అది సాధ్యమయింది. వరసలో వాడు ఏడోవాడు. అప్పట్నుంచి ఆ సంఘాల్లో ‘ఏడు’ అనడం కూడా అసహ్యమైపోయి, దాన్ని రెండుగా, అయిదుగా విడగొట్టి పలికారట. చరిత్రగా ఇది ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి. మాట వాడకానికి మాత్రం ఈ కథే ఆధారం. ఆ సంఘాల్లో చేరేవాడు ముప్పై ఆరు ప్రమాణాలు చెయ్యాలి. చేసినవాడు లోపల ఉండి, లోపలి సంగతి బయటివాడికి అమ్మితే రెండు-అయిదుగాడు అవుతాడు. పోలీసులు మొదట్నుంచే నాటిన మనిషి కాడు, వాడికి వాళ్ల భాషలో వేరే మాట ఉంది. ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ (2002), దాన్ని హాలీవుడ్‌లో తిరగతీసిన ‘ది డిపార్టెడ్’ (2006) నడిచేది ఆ రెండో రకం మనుషుల మీద. నాటినవాడు ప్రమాణం చేసినా, ఆ ప్రమాణంలో వాడెప్పుడూ లేడు. రెండు-అయిదుగాడు ఒకప్పుడు నిజంగానే ఉన్నాడు.

ఇప్పుడు ఆఫీసులో బాస్‌కి చాడీలు చెప్పేవాణ్ణి కూడా సరదాగా అదే మాట అంటారు. ఏ భాషలోనైనా పెద్ద మాటలకి ఈ గతి తప్పదు. కానీ అది బరువైన మాట అని తెలిసినవాడు సరదాకి వాడటానికీ, బరువే తెలియకుండా వాడటానికీ తేడా ఉంది. పులివెందుల పక్క పైడిపాలెంలో పుట్టిన రా.రా. అనువాద సమస్యల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు, 1988లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పరాయి భాష మాటని తెలుగులోకి తేవడం ఎంత కష్టమో ఆ పుస్తకం పేరే చెప్తుంది. ఈ కాంటనీస్ మాటకి తెలుగు వెతుకుతుంటే నాకు ఇంకో సమస్య ఎదురయింది. సొంత భాషలో ఉన్న మాట మనకి సరిగ్గా తెలుసా?

* * *

మన దగ్గర మాటలకి కరువేం లేదు. మోసం, దగా, వంచన, ద్రోహం, నమ్మకద్రోహం, విశ్వాసఘాతుకం, వెన్నుపోటు. ఇంగ్లిష్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కోవర్టు. అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తాం. భాష మాత్రం అలా అనుకోవడం లేదు.

‘నన్ను మోసం చేశాడు’ అంటాం. ‘నాకు ద్రోహం చేశాడు’ అంటాం. ‘నాకు మోసం చేశాడు’ అని కొందరంటారు గానీ, ‘నన్ను ద్రోహం చేశాడు’ అని మాత్రం తెలుగువాడెవడూ అనడు. మోసంలో నేను వాడి పనికి లోబడ్డ వస్తువుని: నన్ను కొట్టాడు, నన్ను ముంచాడు, నన్ను మోసం చేశాడు. ద్రోహంలో నేను అందుకునేవాణ్ణి: నాకు సాయం చేశాడు, నాకు మాటిచ్చాడు, నాకు ద్రోహం చేశాడు. ‘నాకు’ అన్నచోట ముందే ఒక సంబంధం ఉంది. సాయం రావాల్సిన చోటు నుంచి ద్రోహం వచ్చింది. సంస్కృతంలోనూ ఇంతే. ద్రుహ ధాతువు వాడినప్పుడు ఎవరి మీద ఆ కోపమో వాళ్లని చతుర్థిలో చెప్పాలని పాణిని సూత్రమే ఉంది. పుస్తకం తెరవకుండానే మా ఊరి టీకొట్టు దగ్గర అందరూ ఈ తేడా పాటిస్తారు.

సమాసాలు చూడండి. దేశద్రోహం, రాజద్రోహం, గురుద్రోహం, మిత్రద్రోహం, స్వామిద్రోహం. ముందున్న మాట ఎవరికి ద్రోహమో చెప్తుంది. ఒక్క నమ్మకద్రోహంలోనే ఆ స్థానంలో మనిషి లేడు, దేశం లేదు, రాజు లేడు. నమ్మకం ఉంది. మిగతావన్నీ హోదాని బట్టి పుట్టిన ద్రోహాలు. రాజు కాబట్టి, గురువు కాబట్టి, స్వామి కాబట్టి. నమ్మకద్రోహానికి హోదా అక్కర్లేదు. అప్పగించినవాడు ఒకడు, ఒప్పుకున్నవాడు ఒకడు ఉంటే చాలు.

నేర చట్టం కూడా ఈ తేడాని పట్టుకుంది. పాత ఐపీసీలో మోసానికి 420, నమ్మకద్రోహానికి 406. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అవే 318, 316. మోసంలో దురుద్దేశం మొదట్నుంచీ ఉండాలి. నమ్మకద్రోహంలో ముందు అప్పగింత నిజంగా జరగాలి, తర్వాత అది తప్పాలి. ఒకే సంగతి మీద ఈ రెండు నేరాలూ కలిసి నిలబడవని, పోలీసులూ కింది కోర్టులూ ఆలోచించకుండా రెండు సెక్షన్లూ కలిపి పెట్టేస్తున్నారని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో విసుక్కుంది కూడా. నాటిన మనిషికీ రెండు-అయిదుగాడికీ హాంకాంగ్‌వాళ్లు గీసిన గీత కూడా దాదాపు ఇదే.

అంటే ‘ద్రోహం’ అనాలంటే మూడు సంగతులు తేలాలి. ఏమిటి అప్పగించారు? తీసుకున్నవాడు తనంతట తాను ఒప్పుకున్నాడా? అది అప్పగించదగిందేనా? ఈ మూడూ అడగకుండా ఆ మాట వాడితే ఏమవుతుందో మావైపు బాగా తెలుస్తుంది.

* * *

జమ్మలమడుగు అనగానే బయటివాళ్లకి ఫ్యాక్షన్ గుర్తొస్తుంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పదేళ్లుగా ఈ మాట వింటున్నాను. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి కళ్లలో ఒక తెలుగు సినిమా ఇంటర్వెల్ సీన్ కనిపిస్తుంది. సుమోలూ బాంబులూ సినిమావాళ్లు చూపించారు. సినిమాకి పట్టనిది ఒకటి ఉంది: ‘మనిషి’ అన్న మాట. మావైపు ‘వాడు ఎవరి మనిషి?’ అని అడుగుతారు. ‘ఫలానా ఇంటి మనిషి’ అని జవాబు. ‘పార్టీ’ అన్నా జెండాలున్న పార్టీ కానక్కర్లేదు. ఒక ఇల్లు, ఆ ఇంటి వెనక ఇన్ని కుటుంబాలు. తాత ఆ ఇంట్లో సేద్యగాడుగా ఉంటే మనవడు కూడా ఆ ఇంటి మనిషే. వాడు పుట్టకముందే వాడి విధేయత రాసి పెట్టి ఉంటుంది.

మా నాన్న స్నేహితుడొకాయన ఉండేవాడు, మేం మామా అని పిలిచేవాళ్లం. వాళ్ల కుటుంబం మూడు తరాలుగా ఒక పెద్దింటి పార్టీ. ఈయన అటూ ఇటూ ఎవరి జోలికీ పోకుండా, పెట్టేబేడా సర్దుకుని ప్రొద్దుటూరు పోయి చిన్న అంగడి పెట్టుకున్నాడు. ఎదురు పార్టీలో చేరలేదు. ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పలేదు. పోలింగ్ రోజు ఏజెంటుగా కూర్చోవడానికి రాలేదు, అంతే. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఊళ్లో ఆయన పేరు ముందు ‘ద్రోహి’ చేరింది. ‘మా ఉప్పు తిని పాయె’ అని.

ఈ ఉప్పు లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. తెల్లారకముందే లేచి మడక కట్టింది ఎవరు? రాత్రి నీళ్లు కట్టడానికి పొలానికి పోయింది ఎవరు? పండిన శనగ ఎవరి గాదెకి పోయింది? కూలివాడు తిన్నది తన కష్టం. ఉప్పు లెక్క తియ్యాల్సి వస్తే ఎవరు ఎవరి ఉప్పు తిన్నట్టు? కానీ ‘ఉప్పు తిన్నాడు’ అన్న వాక్యం లెక్క మొత్తాన్ని తిరగేస్తుంది. కూలిని దానంగా మార్చి, దానాన్ని అప్పుగా మార్చి, ఆ అప్పుని మనవడి దాకా వసూలు చేస్తుంది. తీర్చలేనివాడికి పెట్టిన పేరే ద్రోహి.

మన మూడు ప్రశ్నలూ ఇక్కడ పెట్టి చూడండి. మామకి అప్పగించింది ఏమిటి? ఏమీ లేదు. ఆయన ఒప్పుకున్నాడా? ఆయన్ని ఎవరూ అడగలేదు. మూడో ప్రశ్న దాకా పోనక్కర్లేదు. అది ద్రోహం కాదు, వెళ్లిపోవడం. ఈ రెంటినీ ఒకే మాటతో పిలిచే ఊళ్లో మనిషికి ఊరు విడిచే హక్కు కూడా ఉండదు.

రెండేళ్లపాటు, 2015 నుంచి 2017 దాకా, దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? ఎవరో రాజమాతకి అబద్ధం చెప్పారు, ఆమె ఆజ్ఞ ఇచ్చింది అన్నది కథలో జవాబు. అసలు జవాబు మొదటి భాగంలోనే ఉందని నాకనిపిస్తుంది. సింహాసనానికి కట్టుబడి ఉంటామని కట్టప్ప పూర్వీకులు మాటిచ్చారు. తాను ఇవ్వని మాట కోసం, తన చేతుల్లో పెరిగినవాణ్ణి వెనక నుంచి పొడిచాడు. వారసత్వంగా వచ్చిన విధేయత కోసం, తాను సంపాదించుకున్న నమ్మకానికి ద్రోహం చేశాడు. మనం ఆయన మీద జాలిపడ్డాం, చప్పట్లు కూడా కొట్టాం. ఆ మాట నిలబెట్టుకోకపోతే ఏమయ్యేది అని మాత్రం అడగలేదు.

* * *

ద్రోహి మనకి ఇంకో రకంగా కూడా పనికొస్తాడు. మాకు దగ్గర్లోనే గండికోట. పెన్నా నది కోసిన లోయ అంచు మీద నిలబడితే, ఈ కోట ఎలా పడిపోయిందని ఎవరికైనా అనుమానం వస్తుంది. 1650 ప్రాంతంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల చేతుల్లోంచి దాన్ని తీసుకున్నాడు. ఎలా అని ఇక్కడ అడిగితే చెప్పే కథలో పొదిలి లింగన్న అనే మంత్రి వస్తాడు. శత్రువు ఆశ చూపించాడు, మంత్రి లోబడ్డాడు, రాజు చినతిమ్మానాయుడికి విషం పెట్టాడు అంటారు. 1652లో మీర్ జుమ్లాని కలవడానికి గండికోటకి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే మాత్రం ఇంకో సంగతి రాశాడు. ఆ ఎత్తుకి ఫిరంగులు ఎక్కించడం గురించి, దానికోసం పనిచేసిన యూరపు ఫిరంగివాళ్ల గురించి.

రెండూ నిజం కావచ్చు. కానీ ఊళ్లో నిలిచింది లింగన్న కథే, ఫిరంగి కాదు. ఇందులో ఆశ్చర్యం లేదు. ఫిరంగి వల్ల ఓడిపోయామంటే అవతలివాడి బలం ఒప్పుకోవాలి, మన ఏర్పాట్ల గురించి ఆలోచించాలి. ద్రోహి వల్ల ఓడిపోయామంటే మన గౌరవానికి ఏ లోటూ రాదు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెతలోనూ ఇదే సుఖం ఉంది. లంకకి చేటు తెచ్చింది విభీషణుడు బయటపెట్టిన గుట్టా, రావణుడు ఎత్తుకొచ్చిన సీతా? సామెత రెండో సంగతి ఎత్తదు. విభీషణుడు సభలో అందరి ముందూ ఆమెని తిరిగి ఇచ్చెయ్యమని చెప్పి, అవమానపడి, బాహాటంగా వెళ్లిపోయాడన్న సంగతీ ఎత్తదు.

మూడో ప్రశ్న వచ్చేది ఇక్కడే: అప్పగించింది అప్పగించదగిందేనా?

2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య జరిగిన తర్వాత, నిందితుల్లో ఒకరు అప్రూవర్‌గా మారిన తర్వాత, ఆ మాట మావైపు టీకొట్లలోకి వచ్చేసింది. ఆ కేసు కోర్టులో ఉంది, దాని మంచిచెడ్డలు తేల్చడం నా పని కాదు. మామూలుగా అప్రూవర్ అంటే ఎవరో చూద్దాం. నేరంలో పాలు పంచుకున్నవాడు, తనకి తెలిసిందంతా దాచకుండా చెప్పాలన్న షరతు మీద క్షమాభిక్ష పొందినవాడు. పాత సీఆర్‌పీసీలో 306వ సెక్షన్. ఊరి లెక్కలో వాడు ద్రోహి, టీవీ చర్చలో ధైర్యవంతుడు. చట్టం ఈ రెండూ అనదు. నేరంలో పాలుపంచుకున్నవాడు సాక్ష్యం చెప్పడానికి అర్హుడే అంటుంది పాత సాక్ష్య చట్టం 133వ సెక్షన్. అదే చట్టం 114వ సెక్షన్‌లో, ముఖ్యమైన విషయాల్లో వేరే ఆధారం తోడుంటే తప్ప వాడి మాట నమ్మదగింది కాదని అనుకోవచ్చంటుంది. వాడు చెప్పేది విను, ఆధారంతో సరిచూసుకో అని. ద్రోహి అన్న మాట లేకుండా ఎంత పని జరుగుతుందో చూడండి.

‘నేను మనిషిని చంపుతాను, నువ్వు ఎవరికీ చెప్పకు’ అన్నది రహస్యమే. అప్పగింత మాత్రం కాదు. ఒకడి ప్రాణం ఇంకొకడి దగ్గర దాచిపెట్టే హక్కు ఎవరికీ లేదు. దాన్ని బయటపెట్టినవాడు భయంతో చెప్పి ఉండొచ్చు, స్వార్థంతో చెప్పి ఉండొచ్చు. పిరికివాడు అనండి, అవకాశవాది అనండి. ద్రోహి అంటే మాత్రం, చనిపోయినవాడి పక్కన ఎవరూ లేనట్టు లెక్క.

* * *

ఆ మాట ఒక్కటి చాలు, ప్రాణం తీయడానికి. నక్సల్ ఉద్యమ ప్రాంతాల్లో ‘ఇన్‌ఫార్మర్’, ‘కోవర్టు’ అన్న ముద్ర పడి చనిపోయినవాళ్లున్నారు. వాళ్లలో కొందరు నిజంగానే సమాచారం ఇచ్చి ఉండొచ్చు, కొందరు ఫోన్‌లో బంధువుతో మాట్లాడి ఉండొచ్చు. ముద్ర పడ్డాక తేడా తెలుసుకునే తీరిక ఎవరికుంటుంది? ఫ్యాక్షన్‌లోనూ ఇదే తీరు. రెక్కీ ఎవరు చేశారో తెలియనప్పుడు, ఈ మధ్య ఎవరు దూరంగా ఉంటున్నారో చూస్తారు.

రాజకీయాల్లో ప్రాణాలు పోవు గానీ మాట అలాగే అరుగుతుంది. 1984 ఆగస్టులో, గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీఆర్‌ని దింపి నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యాడు. సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ తిరిగొచ్చాడు. 1995 ఆగస్టులో మళ్లీ. ఈసారి చంద్రబాబునాయుడు, ఈసారి మెజారిటీ ఎమ్మెల్యేలతో. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయాడు. రెండింటినీ ‘వెన్నుపోటు’ అనే అన్నారు. రెండోదాన్ని అది కాదనేవాళ్లు పార్టీని కాపాడుకోవడం అంటారు. ముప్పై ఏళ్లుగా ఈ వాదన తెగకపోవడానికి కారణం, మొదటి ప్రశ్న ఎవరూ తేల్చకపోవడమే. ఎమ్మెల్యేకి అప్పగించింది ఎవరు? నాయకుడా, ఓటరా? నాయకుడైతే ఒక జవాబు, ఓటరైతే ఇంకో జవాబు. ఓటరు కూడా ఆ నాయకుడి ముఖం చూసే వేశాడంటే మూడో జవాబు. ఆ చర్చ చెయ్యడం కష్టం. ‘వెన్నుపోటు’ అనడం తేలిక.

మా ఐటీవాళ్ల సంగతి సరే సరి. రెండు నెలల నోటీసు ఇచ్చి, కోడ్ అంతా అప్పజెప్పి, డాక్యుమెంట్లు రాసిచ్చి వెళ్లిపోయే కుర్రాణ్ణి ‘ఇలా చేస్తాడనుకోలేదు’ అనే మేనేజర్లున్నారు. ఉప్పు వాక్యమే, ఎయిర్ కండిషన్డ్ గదిలో.

* * *

ఇదంతా చదివి ఒకరు అడగొచ్చు: మాటకి ఇన్ని షరతులు పెడితే నిజమైన ద్రోహి కూడా తప్పించుకుపోడా? నేను మాట ఇవ్వలేదు కదా, సంతకం పెట్టలేదు కదా అని?

న్యాయమైన ప్రశ్న. స్నేహంలో ఎవరూ సంతకం పెట్టరు. పెళ్లిలో పెట్టేది కూడా రిజిస్ట్రారు కోసమే. కానీ ఒప్పుకోవడం అంటే సంతకం ఒక్కటే కాదు. ప్రొద్దుటూరు లాంటి బంగారం వ్యాపారం ఉన్న ఊళ్లో చిన్న పనివాడికి బంగారం తూకమేసి ఇస్తారు, తెల్లారి నగ అడుగుతారు. వీధిలో ఒకావిడ చీటీలు నడుపుతుంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు నెలకింత తెచ్చి ఆమె చేతిలో పెడతారు. ‘అక్కా, పాప పెళ్లికి’ అని చెప్పి మరీ పెడతారు. ఆమె తీసుకుంటుంది, ‘నాకాడ ఉండ్లే, భయమేల’ అంటుంది. అక్కడ మూడు ప్రశ్నలకీ జవాబు ఉంది. అప్పగించింది ఏమిటో తెలుసు. తీసుకున్నావిడ తనంతట తానే ఒప్పుకుంది. ఒక పిల్ల పెళ్లి డబ్బు కంటే అప్పగించదగింది ఏముంటుంది? ఒక తెల్లారి ఆ ఇంటికి తాళం వేసి ఉంటే, దానికి తగిన మాట తెలుగులో ఒకటే ఉంది.

ఆ గుమ్మం ముందు నిలబడ్డ మనిషి కోసమైనా ఆ మాటని దాచిపెట్టుకోవాలి. పార్టీ మారినవాడికీ, ఊరు విడిచినవాడికీ, కోర్టులో నిజం చెప్పినవాడికీ, ఉద్యోగం మానేసినవాడికీ దాన్ని ఖర్చుపెట్టేస్తే, ఈమె ‘నాకు ద్రోహం చేసింది’ అన్నప్పుడు ఎవరూ తలెత్తి చూడరు. మాట పలచబడితే మొదట నష్టపోయేది నిజంగా ద్రోహానికి గురైనవాళ్లే.

మాకు దగ్గర్లో, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో, తెలుగులో దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటి ఉంది. క్రీ.శ. 575 ప్రాంతానిది, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలానిది. మొదట్లో రాజు పేరు, రేనాడు పేరు చదవొచ్చు. తర్వాత కొన్ని పంక్తులు చెరిగిపోయాయి. చివర పంచమహాపాతకం అన్న మాట ఉంది, కట్టుబాటు తప్పినవాడికి. ఆ కాలపు శాసనాల పద్ధతి ప్రకారం శాపం ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది. ఎవరు, ఎవరికి, ఏమిచ్చారో ముందు రాయాలి. కలమళ్లలో ఆ మధ్య భాగం కాలానికి అరిగిపోయింది, శాపం మిగిలింది. రాయి విషయంలో మనం చెయ్యగలిగిందేం లేదు. మన మాటల్లో మాత్రం ఆ మధ్య పంక్తులు ఇంకా రాసుకోవచ్చు.